బొట్టు దాటని ముల్లు

నేను ఒక గడియారాన్ని అంటే మీరు వెంటనే టైమెంతయిందని అడుగుతారు. అడక్కండి, నాకు తెలీదు. నాకున్నది ఒకటే ముల్లు. అది గంటల్ని చూపదు, బాయిలరు కడుపులో ఆవిరి ఎంత బలంగా తన్నుతోందో చూపుతుంది. కాగితాల మీద నా పేరు ప్రెషర్ గేజి. గోదావరి జిల్లాలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో పదకొండేళ్ళు అందరూ నన్ను గడియారమనే పిలిచారు, నేనూ పలికాను. ఇప్పుడు నా గాజు సగం లేదు. ఇత్తడి అంచు నలిగిపోయింది. ముల్లు పది దగ్గర ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. నన్ను చూసి జాలిపడకండి. ఇద్దరు మనుషులు చచ్చిన కేసులో నేను సాక్షిని. చాలాకాలం ఉత్త సాక్షినేనని అనుకున్నాను కూడా.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. సన్నటి ఇత్తడి గొట్టాన్ని సుత్తితో చదును చేసి, అచ్చు మీద పెట్టి, చెవి ఆకారంలో వంచారు. నా ప్రాణమంతా ఆ వంపులోనే ఉంది. ఆవిరి లోపలికి దూరి తన్నిందంటే ఆ వంపు నిటారు కావాలని గింజుకుంటుంది, ఆ గింజులాటకి ముల్లు కదులుతుంది. అంటే లోపల ఎవరైనా తన్నితే తప్ప నేను నోరు విప్పను. నా ముఖం మీద సున్నా నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేశారు. ఏడు సరిగ్గా నడినెత్తిన వచ్చింది. ఆ ఏడు దగ్గర ఒక సన్నటి ఎర్రగీత గీశారు. ముల్లు ఆ గీత దాటిందంటే బాయిలరుకి మూడినట్టే. ఇంత సూటిగా, ఇంత నిజాయితీగా మాట్లాడేవాణ్ణి లోకంలో ఇంకొకణ్ణి చూపించండి చూద్దాం. నాకు పొగరెక్కువని మీరనుకుంటే అనుకోండి.

మిల్లులో బాయిలరు నడిపేవాడు నూకరాజు. నల్లగా, పొడుగ్గా, మాటకి మాట తిరిగి చెప్పని మనిషి. పొయ్యిలోకి ఊక ఎగదోస్తూ, నా ముఖంలోకి చూస్తూ పదేళ్ళు గడిపాడు. అతనికి అంకెలు రావు. రావని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బాయిలరు నడపడానికి సర్టిఫికెట్టు ఉండాలి, అది ఉన్న పెద్దమనిషి ఒకాయన వారానికోసారి వచ్చి కాఫీ తాగి వెళ్ళేవాడు. ఆయన సర్టిఫికెట్టు గోడకి వేలాడుతుంటే దాని కింద నూకరాజు చెమటలు కక్కేవాడు.

మరి అంకెలు రాని మనిషి నన్నెలా చదివాడంటారా? దసరాకి మిల్లులో ఆయుధపూజ చేసేవారు. యజమాని చక్రధరం గారి భార్య భ్రమరాంబ గారు పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకొచ్చి మోటార్లకీ, పారలకీ, తూకానికీ, లారీకీ బొట్లు పెట్టి, చివర్న నా దగ్గరికి వచ్చేవారు. బొట్టు పెట్టేది నుదుటి మీదే కదా. ఆవిడ నా నడినెత్తిన, నూనెలో కలిపిన కుంకుమతో, గాజు మీద ఇంత బొట్టు దిద్దేవారు. అది సరిగ్గా ఏడు మీద పడేది. ఊక పొగకి నా ఎర్రగీత ఎప్పుడో మాసిపోయింది, బొట్టు మాత్రం ఏడాదికోసారి కొత్తగా వెలిగేది. నూకరాజు దాన్నే పట్టుకున్నాడు. ముల్లు బొట్టును దాటకూడదు. అంతే అతని చదువు. పదేళ్ళు ఆ చదువుతో ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదు.

అతని భార్య వరహాలు అదే మిల్లులో ఊక మోసేది. గంపెడు ఊక పొయ్యి దగ్గర కుమ్మరించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నా వంక చూసి, "నీ గడియారం నాకంటే బాగా ముస్తాబయ్యింది" అని మొగుణ్ణి దెప్పేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, లోవలక్ష్మి. ఆ పిల్లని కూడా ఒకసారి తీసుకొచ్చి నన్ను చూపించాడు. "ఇదిగో, ఈ ముల్లు ఈ బొట్టు దాటిందనుకో, మనందరం పైకే" అని నవ్వాడు. అప్పుడా పిల్లకి ఆరేళ్ళు. బొట్టు కింది అంకెని వేలుతో చూపి 'ఏడు' అని చదివి, తండ్రి ఏదో గొప్ప అధికారి అనుకుని, కళ్ళింత చేసుకుని చూసింది.

పదకొండో ఏట దసరాకి ముందు నా మెడ దగ్గర ఆవిరి కారడం మొదలైంది. ఫిట్టరు బుల్లబ్బాయి నన్ను విప్పి, మరలకి దారం చుట్టి, మళ్ళీ బిగించాడు. పానాతో బిగిస్తూ బిగిస్తూ, నేను నిటారుగా నిలబడకముందే ఆపేశాడు. మర పట్టేసింది. నా తల ఎడమ పక్కకి వాలిపోయింది. నూకరాజు చూసి, "ఏంట్రా బుల్లబ్బాయ్, మెడ ఒంకరగా పెట్టావ్" అన్నాడు. "ఇంక తిప్పితే గొట్టం ఇరుగుద్ది బావా. అంకెలు కనపడతన్నాయిగా, తల వాలితే ఏంటంట" అన్నాడు వాడు. వాడికి అంకెలు వచ్చు. వాడి లెక్కన వాడు చేసింది సరైన పనే. అవతలివాడికి రావని వాడికేం తెలుసు?

తల ఎడమకి వాలితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. నడినెత్తిన ఉండాల్సిన ఏడు పక్కకి జారిపోయింది. దాని స్థానంలోకి పది వచ్చి కూర్చుంది. నాలుగు రోజులకి ఆయుధపూజ. భ్రమరాంబ గారు పళ్ళెంతో వచ్చారు. గాజు మీది పాత బొట్టుని శుభ్రంగా తుడిపించారు. నుదురెప్పుడూ పైనే కదండీ ఉండేది. పైన, నడిమధ్యన, పది మీద, నిండుగా బొట్టు పెట్టి దండం పెట్టుకుని వెళ్ళిపోయారు.

అక్కణ్ణుంచి నేను నిజమే చెప్పాను, అతను తప్పే విన్నాడు.

బాయిలరుకి ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఆవిరి ఏడు దాటితే తనంతట తనే తెరుచుకుని, చెవులు చిల్లులు పడేలా కూసి, ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలేస్తుంది. ఇదివరకు ముల్లు బొట్టును తాకినప్పుడే అది కూసేది. ఇప్పుడు ముల్లు బొట్టుకి ఇంకా బెత్తెడు దూరంలో ఉండగానే కూతపెడుతోంది. నూకరాజు తల గోక్కున్నాడు. రోజూ ఇదే రభస. ఆవిరి బయటికి పోతే లోపల ధాన్యం ఉడకదు. ధాన్యం ఉడకలేదని ఇంకో రెండు గంపల ఊక వేస్తాడు. ఊక వేస్తే ఆవిరి పెరుగుతుంది, పెరిగితే వాల్వు మళ్ళీ కూస్తుంది. పైగా ఆ ఏడాది కార్తీకంలో ముసురు పట్టి, తడిసిన ధాన్యం లారీలకి లారీలు గేటు దగ్గర నిలబడిపోయింది. నూకరాజు వెళ్ళి చక్రధరం గారితో, "వాల్వు పాడైందండి, ముల్లు బొట్టు కాడికి రాకుండానే కూత్తందండి" అని చెప్పాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, చెప్పింది పదేళ్ళు నమ్మకంగా పనిచేసినవాడు. "కొత్తది తెప్పిద్దాంలే. ఈ వారం గడిచేదాకా దానికేదైనా బరువు తగిలించమను" అన్నాడు. బుల్లబ్బాయి వాల్వు మీటకి తుక్కు సామాన్లలోంచి తెచ్చిన ఇనపరాయి వేలాడదీశాడు. కూత ఆగింది. మిల్లంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

నాకు మాత్రం ఊపిరాడలేదు. ఎనిమిది. ఎనిమిదిన్నర. తొమ్మిది. నా వంపు నిటారైపోతుందేమో అన్నంత నొప్పి. నేను గొంతు చించుకుంటున్నాను. నూకరాజు నా ముఖంలోకి చూసి, ముల్లు బొట్టుకి ఇవతలే ఉందని తృప్తిగా తలూపుతున్నాడు. నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పళ్ళుంటే కొరికేసేవాణ్ణి.

మంగళవారం, పొద్దున్న పదకొండు గంటలు. నూకరాజు నీళ్ళు తాగుదామని బయట కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బుల్లబ్బాయి షెడ్డులో పంపు విప్పుకుంటున్నాడు. వరహాలు గంపతో వచ్చింది. మొగుడు లేడని తనే ఊక పొయ్యిలోకి తోసింది. ముల్లు బొట్టు కిందికి జరిగింది. దాటలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను, ముల్లు బొట్టు దాటలేదు.

బాయిలరు పాత రేకు అతుకు దగ్గర చీలింది. తర్వాతది చప్పుడని చెప్పడానికి లేదు, చప్పుడు వినడానికి అక్కడ చెవులు మిగల్లేదు. షెడ్డు కప్పు లేచిపోయి పక్క చేలో పడింది. ఇటుకలు మిల్లు గోడల్ని తూట్లు పొడిచాయి. బుల్లబ్బాయి మీద బాయిలరు మూతే పడింది. వాణ్ణి తరవాత రెండు గోనెసంచుల్లో తీసుకెళ్ళారు. వరహాలు మీదికి ఆవిరి వచ్చింది. ఆవిరికి మంటకున్నంత మర్యాద కూడా లేదు, ఒక్క లిప్తలో తోలు వలిచేసింది. నూకరాజు ఆ తెల్లటి పొగలోకి పరుగెత్తి, ఆమెని రెండు చేతుల్తో ఎత్తబోతే చర్మం అతని అరచేతులకి అంటుకుని వచ్చేసింది. అతని చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. అయినా వదల్లేదు. గేటు దాకా మోసుకొచ్చాడు. అక్కడ ఆమె పోయింది.

పోలీసులు నన్ను రాళ్ళలోంచి ఏరి గోనెసంచిలో పడేసి జీపు వెనకాల పెట్టారు. జీపు ఆసుపత్రి ముందు ఆగింది. సంచి చిరుగులోంచి నేనంతా చూశాను. కట్లు కట్టిన చేతుల్తో నూకరాజు మెట్ల మీద కూర్చున్నాడు. బుల్లబ్బాయి అన్నలు నలుగురు వచ్చి అతని జుట్టు పట్టి కిందికి ఈడ్చారు. కర్రల్తో, చెప్పుల్తో, కాళ్ళతో కొట్టారు. పక్కటెముక విరిగిన చప్పుడు జీపు దాకా వినబడింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. "కొట్టండ్రా, నేనే చంపేను" అని మాత్రం అన్నాడు. ఆ గుంపు వెనకాల తొమ్మిదో తరగతి యూనిఫారంలో లోవలక్ష్మి నిలబడి ఉంది. తల్లి శవాన్ని అప్పుడే చూసి వచ్చింది. ఆ పిల్ల వంగి, కంకరరాయి తీసుకుని, బలంకొద్దీ తండ్రి మొహం మీదికి విసిరింది. కనుబొమ పగిలింది. కర్రలకి చలించని మనిషి, ఆ రాయికి తలెత్తి కూతురి వంక చూశాడు.

విచారణ జరిగింది. ఆపరేటరు నిర్లక్ష్యం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నూకరాజు బొట్టు మాట ఎత్తలేదు, అడిగినదానికల్లా అవునన్నాడు. ఏడాదిన్నర జైలుకి వెళ్ళొచ్చి ఇటుక బట్టీ దగ్గర కాపలాకి కుదిరాడు. లోవలక్ష్మి అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. తండ్రి వస్తే తలుపు వేసుకునేది. నేను కోర్టు గదిలో మూడేళ్ళు దుమ్ముకొట్టుకుపోయి, పాత ఇనుప సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడ ఇందుమతి గారు నన్ను చూశారు. ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే మనిషి. పగిలినవంటే ఆవిడకి ప్రాణం.

మొదటి సంవత్సరం పిల్లలు, మొదటి వారం. అరవైమంది. ఇందుమతి గారు నన్ను బల్ల మీద పెట్టి, విచారణ కాగితాల్లో ఉన్న కథ చెప్పి, "ఈ బాయిలరు ఎందుకు పేలింది? ఒక్క వాక్యం రాయండి" అన్నారు. నేను బల్ల మీంచి అందరి కాగితాలూ చూడలేను కానీ మొదటి బెంచీలో అమ్మాయి కాగితం నాకు ఎదురుగానే ఉంది. 'ఆపరేటరు వల్ల' అని రాసింది. కాగితం చిరిగేంత గట్టిగా రాసింది. నేను ఆ పిల్లని గుర్తుపట్టాను. రాయి విసిరిన చెయ్యి అదే.

దాదాపు అందరూ అదే రాశారు. వెనక బెంచీలోంచి జయవర్ధన్ అనే కుర్రాడు లేచి, "మేడమ్, అలాంటోణ్ణి జైల్లో పెట్టడం కాదండి, అదే బాయిలర్లో వేసి ఉడకబెట్టాలి" అన్నాడు. కొందరు నవ్వారు. లోవలక్ష్మి లేచింది. స్టీలు నీళ్ళసీసా చేతిలోకి తీసుకుని, వెనక బెంచీ దాకా నడిచి, వాడి నుదుటి మీద కొట్టింది. రెండోసారీ కొట్టింది. మూడోసారి కొట్టబోతుంటే నలుగురు పట్టుకున్నారు. వాడి చొక్కా నెత్తురుతో తడిసింది. ఆమెని ముందుకి ఈడ్చుకొస్తుంటే, ఆ పెనుగులాటలో బల్ల తిరగబడి నేను కింద పడ్డాను. నాకు మాత్రం ఎక్కడలేని ఆనందం కలిగింది. అబద్ధమెందుకు?

"వాడు మా నాన్న" అంది ఆ పిల్ల. "నేననొచ్చు. మీరు అనకూడదు."

జయవర్ధన్‌ని కుట్లు వేయించడానికి తీసుకెళ్ళారు. ఇందుమతి గారు నన్ను నేల మీంచి తీసి, ఆ పిల్ల చేతిలో పెట్టి పక్కన కూర్చున్నారు. ఏడవనిచ్చారు. ఏడ్చి ఏడ్చి, లోవలక్ష్మి నా ముఖం మీద చెయ్యి పెట్టింది. సగం గాజు ఇంకా అంచులో ఇరుక్కునే ఉంది. దాని మీద నల్లగా మాడిన ఒక మచ్చ. గోటితో గీకితే ఎర్రగా వచ్చింది. ఆ పిల్ల వేలు ఆగిపోయింది.

"మేడమ్, ఈ బొట్టు ఏడు మీద ఉండాలండి. పది మీద ఉందేంటి?"

విచారణలో ఏ అధికారికీ అర్థంకానిది అంకెలు రాని మనిషి కూతురికి అర్థమైంది. అతనికి బొట్టే అంకె అన్న సంగతి లోకంలో ఆ తల్లికీ తండ్రికీ కూతురికే తెలుసు, అందులో ఒకామె చచ్చిపోయింది, ఇంకొకడు నోరు మూసుకున్నాడు.

మర్నాటి నుంచి ఆ తరగతి తీరే మారిపోయింది. ఇందుమతి గారు ఎవరి తప్పు అన్న ప్రశ్న చెరిపేసి, "దీన్ని ఏది తోసింది? దాన్ని ఏది తోసింది?" అని అడగడం మొదలుపెట్టారు. పిల్లలు మిల్లువాళ్ళని అడిగి తెలుసుకొచ్చి, బోర్డు మీద గుండ్రాలు గీసి, గుండ్రం నుంచి గుండ్రానికి బాణాలు గీశారు. బొట్టు ఎందుకు జరిగింది? తల వాలింది గనక. ఎందుకు వాలింది? మర పట్టేసింది గనక. వాల్వుకి బరువెందుకు? ఊక, ఆవిరి, కూత, మళ్ళీ ఊక, ఆ బాణాలు తిరిగి తిరిగి మొదటికే వచ్చి చేరాయి. ఆ సుడిని చూసి పిల్లలు ఆవలించడం మానేశారు. గోడ మీది సర్టిఫికెట్టు, ముసురు, భ్రమరాంబ గారి పళ్ళెం, అన్నీ ఎక్కాయి. ఎవరికి వాళ్ళు తమ పని సరిగ్గానే చేసుకున్నారు, అన్ని సరైన పనులూ కలిసి ఇద్దర్ని చంపాయి. "ఒక్కో ముక్కనే చూస్తే ఇది కనబడదు. ముక్కల మధ్య చూడండి. ఇంజనీరు పని అక్కడుంది" అన్నారు ఆవిడ.

నుదుటికి కట్టుతో తిరిగొచ్చిన జయవర్ధన్ చెయ్యెత్తాడు. "గేజిని కూడా పెట్టాలండి. అంకెలొచ్చినోడికి మాత్రమే అర్థమయ్యేలా చేశారు దాన్ని. కాస్త వాలిస్తే చాలు, మనిషిని చంపేత్తంది." నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను, నిజం తప్ప పలకని నన్ను! వాడు నాకొక గుండ్రం గీసి బాణం తగిలించాడు. రోజంతా కుతకుతలాడాను. రెండోరోజుకి నా దగ్గరున్న వాదన అయిపోయింది. ఎదుటివాడు తప్పుగా వింటున్నాడని తెలిసీ, అదే నిజాన్ని అదే గొంతుతో చెబుతూ కూర్చున్నాను. నేను సాక్షిని కాను. నేనూ ఉన్నాను అందులో.

వారం తర్వాత ఇందుమతి గారు నూకరాజుని పిలిపించారు. చెప్పులు గుమ్మం బయటే వదిలి, ముడతలు పడి బిగుసుకుపోయిన చేతులు వెనక్కి దాచుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జయవర్ధన్ కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోలేదు. లోవలక్ష్మి బోర్డు దగ్గర నిలబడి, తండ్రి వంక చూడకుండా, ఒక్కో గుండ్రాన్నీ చూపిస్తూ మొత్తం చెప్పింది. అతను నోరు తెరుచుకుని విన్నాడు. బొట్టు పది మీద ఉందన్న మాట దగ్గర గోడ పట్టుకున్నాడు.

"ఇందులో నేనెక్కడున్నానండి?" అని ఇందుమతి గారిని అడిగాడు.

ఆవిడ లోవలక్ష్మి వంక చూశారు. ఆ పిల్ల తల దించుకుంది. "నువ్వు లేవు. నిన్ను పెట్టలేదు" అంది.

"అదేంటమ్మా. ఊక ఏసింది నేను కాదా? వాల్వు పాడైందని చెప్పింది నేను కాదా? అంకెలు రావని దాసింది నేను కాదా?" అతని గొంతు పెరగలేదు. "అప్పుడేమో నన్నొక్కణ్ణే పెట్టేరు. ఇప్పుడేమో నన్నొక్కణ్ణే తీసేత్తన్నారు. రెండూ తప్పేనండి. నన్ను పెట్టమ్మా."

సుద్దముక్క ఆ పిల్ల చేతిలో విరిగింది. మిగిలిన ముక్కతో గుండ్రం గీసి అందులో 'నూకరాజు' అని రాసింది. బొట్టు నుంచి ఒక బాణం అతనికి, అతని నుంచి ఒకటి పొయ్యికి, ఇంకోటి వాల్వు మీది బరువుకి గీసింది. అతను అది అలాగే ఉంటుందా అన్నట్టు చూసి తలూపాడు. తరవాత బాణాలన్నీ వెళ్ళి కలిసే చివరి గుండ్రం దగ్గరికి నడిచాడు. అందులో 'పేలుడు' అని రాసి ఉంది. అతనికి చదవడం రాదు, ఏం రాశారని అడిగాడు. చెప్పారు.

"సివర అది కాదు" అన్నాడు. "సివర బుల్లబ్బాయి, మీయమ్మ."

లోవలక్ష్మి రాసింది. 'బుల్లబ్బాయి' అని ముందు, 'వరహాలు' అని తరవాత. తల్లి పేరు పూర్తయ్యేసరికి నూకరాజు ఆ పేరుకి తల ఆనించాడు. ఆనించి, బోర్డుకేసి కొట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, బోర్డు గోడ మీద అదిరింది, సుద్దపొడి రాలింది, కనుబొమ మీద పాత మచ్చ చిట్లి నెత్తురు కారింది. ఎవరూ కదల్లేకపోయారు. మూడోసారికి ఆ తలకీ బోర్డుకీ మధ్య ఒక చెయ్యి వచ్చింది. దెబ్బ ఆ చేతి మీద పడింది. ఆ పిల్ల నొప్పికి కళ్ళు మూసుకుంది కానీ చెయ్యి తియ్యలేదు.

"కొట్టుకోకు నాన్నా" అంది. "నేను కూడా కొట్టాను కదా నిన్ను. ఇంక చాలు."